అయిపోయిందమ్మా, అయిపోయింది

పోయిన ఆదివారం దగ్గు మందు కొనడానికి మందుల షాపుకెళ్లాను. నా ముందు ఒకావిడ, చంకలో మూడేళ్ల పిల్లాడు. కౌంటర్ మీదున్న గ్లూకోజ్ డబ్బా కావాలని వాడు ఒకటే ఏడుపు. "ఏడిచావంటే ఈ అంకుల్ సూది వేసేస్తాడు" అందావిడ. షాపతనికి సరదా పుట్టింది. సొరుగులోంచి కవరు విప్పని సిరంజి ఒకటి తీసి పైకెత్తి చూపించాడు. పిల్లాడు టక్కున నోరు మూశాడు. అందరం నవ్వాం. నా వేలు పట్టుకుని నిలబడ్డ మా పాప నవ్వలేదు. షాపతని రెండో చెయ్యి ఎక్కడుందా అని మునివేళ్ల మీద లేచి చూస్తోంది.

ఆ చూపు నేనెరిగినదే. పోయిన కార్తీకంలో 8 రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మంచం దగ్గరికి ఎవరొచ్చినా "చేతులు చూపించు" అనేది. రెండు చేతులూ చాపాలి, తిప్పి చూపించాలి, అప్పుడే దగ్గరికి రానిచ్చేది. అరటిపళ్లు తెచ్చిన వాళ్ల నాన్నకీ తప్పలేదు, వార్డు ఊడ్చే ఆవిడకీ తప్పలేదు. ఆవిడ పాపం చీపురు కింద పెట్టి మరీ చూపించేది. నాలుగేళ్ల పిల్లకి ఈ తనిఖీ ఎవరు నేర్పారంటే, ఇంకెవరు, మేమే. సూదుల కంటే సూదుల గురించి మేం ఆడిన అబద్ధాలే ఎక్కువ నేర్పాయి.

ఆరు నెలలుగా ఈ విషయం మీద ఇంట్లో వాదిస్తూనే ఉన్నాను, అందులో సగం నాతో నేనే. నేను చెప్పేది ఇంతే: ఆసుపత్రిలో పిల్లలకి "నొప్పి పుట్టదు" అని చెప్పడం మానేయాలి. చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

నల్ల పొక్కు

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు. జ్వరం మొదలైన నాలుగో రోజుకే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేయించేశాం, ఏదీ లేదన్నారు. ఆరో రోజుకి ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. శ్రీకాకుళమా, బరంపురమా అని ఇంట్లో గంటసేపు పంచాయితీ. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకి ఆ గంట ఎలా గడుస్తుందో చెప్పక్కర్లేదు. పాతపట్నం వైపు వెళితే భాష మనది, బరంపురం వైపు వెళితే ఆరోగ్య కార్డు మనది. కార్డే గెలిచింది.

బరంపురంలో రెండో రోజు ఒక కుర్ర డాక్టరమ్మ రౌండ్స్‌కొచ్చి, పాప గౌను పైకెత్తి, చంకలు, చెవుల వెనక, మెడ మడతలు ఒక్కొక్కటీ టార్చి వేసి వెతికింది. దేనికోసమో మాకు అర్థం కాలేదు. నడుం దగ్గర, చెడ్డీ ఎలాస్టిక్ కింద దొరికింది. మినపగింజంత నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రగా, అగరబత్తితో చుర్క పెట్టినట్టు. ఇంట్లో స్నానం చేయించేటప్పుడు మా అత్తయ్య దాన్ని చూసింది కూడా. చీమ కుట్టిందనుకుని కొబ్బరినూనె రాసింది. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే సన్న పురుగు పిల్ల కుడితే వచ్చే జ్వరం. కుట్టినట్టు కూడా తెలీదు. వానలు వెనకబట్టే రోజుల్లో మా వైపు ఇది మామూలేనట. మా పెరట్లో జామచెట్టు కింద మోకాలెత్తు గడ్డి, పాప బొమ్మల కాపురం అంతా అక్కడే. డాక్సీసైక్లిన్ మొదలెట్టిన రెండు రోజులకి జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు కోలుకునేదాకా, ఛాతీలో నెమ్ము తగ్గేదాకా ఇంకో నాలుగు రోజులు ఉంచారు.

మందు చవకది, జబ్బు దొరికింది, పిల్ల కోలుకుంది. వైద్యం మీద నాకు ఫిర్యాదేం లేదు. ఉన్నదంతా మంచం పక్కన నిలబడ్డ మా మీదే.

మేం చెప్పినవి

మొదటిది ఇంట్లోనే చెప్పాం: "డాక్టరుగారు ఊరికే చూసి పంపించేస్తారు." రెండోది ఆసుపత్రిలో, నరంలోకి మందు ఎక్కించే సన్నగొట్టం, అదే కాన్యులా, పెట్టేముందు: "చేతికి పువ్వు పెడతారు." చిన్నపిల్లలకి పెట్టే ఆ గొట్టానికి పసుప్పచ్చ రెక్కలుంటాయి, నిజంగానే తంగేడు పువ్వులా ఉంటుంది. ఆ పువ్వు పెట్టడానికి నరం దొరక్క మూడుచోట్ల పొడిచారు. జ్వరంతో ఒళ్లెండిపోయిన పిల్లకి నరం అంత తొందరగా దొరకదు, ఆ సిస్టర్‌ని ఏమనడానికీ లేదు. మూడో పోటు పడ్డాక పాప సిస్టర్ వంక చూడలేదు, నా వంక చూసింది. ఇంటికొచ్చాక మూడు వారాలు తలలో పువ్వు పెట్టనివ్వలేదు.

మూడోది మా ఆయన ఘనకార్యం. రక్తం తీసే అబ్బాయి వస్తుంటే, సిరంజి వీపు వెనక దాచుకోమని సైగ చేసి, తను మొబైల్‌లో కోతి వీడియో పెట్టి కూర్చున్నారు. పాప కోతిని చూస్తుండగా పని కానిచ్చేశారు. ఆ పూటకి హాయిగానే అయింది, మా ఆయన మొహంలో గర్వం కూడా చూశాను. మర్నాటి నుంచి చేతుల తనిఖీ మొదలైంది. మొబైల్ తీస్తే చాలు, సూది వస్తోందని ఏడుపు.

నాలుగోది నాది. నాదనేముంది, మన తల్లులందరిదీ. "అయిపోయిందమ్మా, అయిపోయింది." సూది ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది, మనం అయిపోయింది అంటూనే ఉంటాం. ఒక్క రక్తపరీక్షలో నేను పదకొండుసార్లు అన్నానని పక్కమంచం ఆవిడ లెక్కపెట్టి చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. అది అబద్ధమని కూడా నాకప్పుడు తోచలేదు. జోకొట్టడం లాంటిదే అనుకున్నాను.

సొరిగలా

మా పాపకి ఒడియా నాకంటే బాగా వచ్చు. అంగన్‌వాడీలో అదే, వీధిలో ఆటలూ అందులోనే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ ఊళ్లో నా కూతురి వాడుక భాష ఒడియా అయిపోతోందని నాకో మూల దిగులు ఉండేది. వార్డులో ఆ ఒడియాయే దాన్ని కాసింది.

నైట్ డ్యూటీలో యాభై దాటిన సిస్టర్ ఒకావిడ ఉండేది. తక్కువ మాటల మనిషి, నవ్వగా నేను చూడలేదు. నాలుగో రోజు రాత్రి కాన్యులా పెట్టినచోట చెయ్యి వాచిపోతే మార్చడానికొచ్చింది. ట్రే దాచలేదు, తెచ్చి మంచం మీదే పెట్టింది. పాప చేతులు చూపించమంది. ఆవిడ ఒక చేతిలో సూది పట్టుకునే రెండు చేతులూ చాపింది. పాప దాన్నే చూస్తూ "కష్టొ హెబొ కి?" అంది. నొప్పి పుడుతుందా అని. "హఁ, టికే కష్టొ హెబొ" అందావిడ. అవును, కొంచెం పుడుతుంది.

నాకు ఒళ్లు మండింది. ఎవరైనా పిల్లకి అలా చెబుతారా? నేను నోరు తెరిచేలోపే కింద చాప మీద నడుం వాల్చిన మా అత్తయ్య దిగ్గున లేచి కూర్చుంది. "ఏటే? కష్టం అంటందేటే ఆవిడ? పొద్దుట డాట్రు బాగుందన్నాడు కదేటే?" మా అత్తయ్య పుట్టిల్లు టెక్కలి వైపు. ఒడిశాకి కోడలుగా వచ్చి ముప్ఫై అయిదేళ్లయినా కూరల బేరానికి మించి ఒడియా అబ్బలేదు. మంచం మీదున్న మనిషి గురించి ఆసుపత్రివాళ్లు కష్టం అన్నారంటే మన భాషలో దాని అర్థం ఒక్కటే కదా. ఆవిడ అప్పుడే ఏ దేవుడికో ముడుపు కట్టేస్తోంది. ఒడియాలో కష్టం అంటే నొప్పి అత్తయ్యా, పిల్లకేం కాలేదు, అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ గొడవలో సిస్టర్ పని మొదలెట్టేసింది. పాప ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. నిజం చెబితే పిల్లలు ఏడవరని నేను అనడం లేదు. కానీ చెయ్యి లాక్కోలేదు, ఆ చెయ్యి ఎవరూ అదిమిపట్టనక్కర్లేకపోయింది. నేను అలవాటుగా "అయిపోయిందమ్మా" అందుకున్నాను. పాప నా వైపు తిరగనేలేదు. సిస్టర్ మొహమే చూస్తూ "సొరిగలా?" అంది. అయిపోయిందా? "నాహిఁ" అంది సిస్టర్. టేపు అంటించింది, చెయ్యి కదలకుండా చిన్న అట్టముక్క కట్టింది, దూది ట్రేలో పడేసింది. అప్పుడు "సొరిగలా" అంది. పాప ఏడుపు ఆపి, ముక్కు తుడవమని నా కొంగు లాగింది.

నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్పాలంటే కాస్త కుళ్లు కూడా పుట్టింది. కన్నతల్లి తెలుగులో అయిపోయింది అంటే నమ్మని పిల్ల, ముక్కూ మొహం తెలియని మనిషి ఒడియాలో అంటే నమ్ముతోంది. ఆవిడ ఆ మాటని ఒక్కసారే, అయ్యాకే వాడింది. నేను పదకొండుసార్లు వాడి అరగదీశాను.

శుక్రాచార్యుడి మాట

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా మామగారు తేలిగ్గా తీసిపారేశారు. "ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకొచ్చని శుక్రాచార్యుడే చెప్పాడు." "ఆ మాట బలి వినలేదు కదా మామయ్యా" అన్నాను. "వినలేదు, పాతాళానికి పోయాడు" అన్నారాయన. ఆయనతో వాదించడం కష్టం. ఇది తెలుగు కష్టమే.

అత్తయ్య వాదన ఇంకా బలమైనది. "నిజం సెప్పి ముందే బెదరగొట్టడం గొప్పేటి? మా పిల్లలందరికీ సూది లేదనే సెప్పేం. ఆళ్లు పెరగలేదా? నా మీద నమ్మకం పోయిందేటి ఆళ్లకి?" పోలేదు. మా ఆయన ఇప్పటికీ ఏ పనికైనా ముందు అమ్మనే అడుగుతారు. మా అమ్మ కూడా నాకు ఆముదాన్ని తేనె అని తాగించింది, నేనేం అమ్మని నమ్మడం మానలేదు. ఈ మాటకి చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడొకటి ఉంది. ఒక్క సూదికి ఒక్క అబద్ధం చెల్లిపోతుంది. జ్వరమొచ్చి ఒక ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికొచ్చే పిల్ల సాయంత్రానికి మర్చిపోతుంది. రోజుకి రెండుమూడు పోట్ల చొప్పున 8 రోజులు పడ్డ పిల్ల మర్చిపోదు, ఎవరేం చెప్పారో లెక్క రాసుకుంటుంది. మంచం మీద దానికి వేరే పనేముంది?

తర్వాత ఎప్పుడో చదువుతుంటే తెలిసింది. టీకా నొప్పి తగ్గించడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక పత్రం వేసింది. అందులో టీకా వేసేవాళ్లకి చెప్పినవాటిలో ఇదీ ఒకటి: బెదరగొట్టే మాటలు వద్దు, ఉత్తుత్తి ధైర్యం చెప్పే మాటలూ వద్దు, మామూలుగా చెప్పి మామూలుగా వేయండి. మూడేళ్లు దాటిన పిల్లల్ని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి వేయమని కూడా ఉంది. మేం మొదటి రోజు నలుగురం నాలుగు వైపులా పట్టుకున్నాం. నా వంతు ఎడమ మోకాలు. అది చదువుతుంటే ఆ మోకాలు నా అరచేతి కింద కొట్టుకోవడం మళ్లీ తెలిసింది.

ఒక్క విషయంలో మన వార్డులు నయం. ఇంగ్లండులో 1950ల్లో కూడా చాలా ఆసుపత్రులు తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చేవి కావు, చూడ్డానికి వేళలు పెట్టేవి. ఎప్పుడైనా రానివ్వండి అని చెప్పడానికి 1959లో ప్లాట్ కమిటీ రిపోర్టు కావాల్సొచ్చింది. మన దగ్గర తల్లి అదే మంచం మీద పడుకుంటుంది, నాయనమ్మ మంచం కింద. కమిటీ చెప్పి కాదు, మనం లేకపోతే వార్డు నడవదు కాబట్టి. ఎలాగైతేనేం, 8 రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఉండి చేసిన పని మాత్రం పైన రాశాను.

మందుల షాపు దగ్గరి తల్లిని నేనేం అనలేదు, అనే మొహం నాకు లేదు. మా ఇంట్లోనూ బూచాడి ఉద్యోగం ఎప్పుడో సూదికి ఇచ్చేశాం. అన్నం తినకపోతే సూది, నిద్రపోకపోతే సూది, గోడ మీద గీతలు గీస్తే సూది. ఆసుపత్రిలో రెండో రోజు రాత్రి, వార్డు లైట్లు తగ్గించాక, పాప నా చెవిలో గుసగుసగా అడిగింది: "నేనేం అల్లరి చేశానమ్మా?"

నేనేం చెప్పానో కూడా ఇప్పుడు గుర్తులేదు.

ఎంత నిజం, ఎప్పుడు

సిస్టర్ దగ్గర కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో, అయిదో రోజు సాయంత్రమే పాపకి చెప్పేశాను. రేపు పొద్దున్నే రక్తం తీస్తారు, కొంచెం నొప్పి పుడుతుంది అని. ఫలితం, రాత్రి రెండింటిదాకా అది నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. పది నిమిషాలకోసారి "పొద్దున్నైపోయిందా?" కిటికీలోంచి వీధిలైటు కనపడితే తెల్లారిందనుకుని ఒక ఏడుపు. అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అదే పెద్ద తిట్టు. నాలుగేళ్ల పిల్లకి నిజం ఎంత ముందు చెప్పాలన్నది నేను ఆలోచించనేలేదు. ఇప్పటి నా లెక్క: ట్రే రావడానికి అయిదు నిమిషాల ముందు చాలు. పాపే అడిగితే మాత్రం, ఎప్పుడడిగినా ఉన్నదే చెప్పాలి.

ఎదురు మంచం మీద ఒక సవర తల్లి, ఆవిడకి రెండేళ్ల బాబు. ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊరి నుంచి వచ్చారు. ఆవిడకి ఒడియా అంతంతమాత్రం, తెలుగు అసలే రాదు. బాబుకి సూది వేసేటప్పుడు ఆవిడ ఒక్క మాట మాట్లాడేది కాదు. వాడి నుదురు తన మెడకింద ఇముడ్చుకుని, అయ్యేదాకా కదలకుండా కూర్చునేది. వాడు మా పాపకంటే తొందరగా ఊరుకునేవాడు. రెండేళ్లవాడికీ నాలుగేళ్లదానికీ పోలిక ఏమిటి అనుకోండి. అయినా అది చూసినప్పుడల్లా నా వాదన కొంచెం పలచబడేది. నిజమా అబద్ధమా అని ఇంత కొట్టుకుంటున్నాను, ఆ నిమిషంలో అసలు మాటే అక్కర్లేదేమో. పదకొండుసార్లు నేనన్నది పాప కోసమా, నా టెన్షన్ కోసమా?

ఇంకొకటి చెప్పకపోతే ఈ పోస్టు కూడా అబద్ధమే అవుతుంది. పక్కమంచం బాబుకి ఆరేళ్లు. నా పదకొండు లెక్కపెట్టి నవ్వినావిడ కొడుకే. మా పాపకి తన మరమరాల పొట్లంలో సగం పెట్టేవాడు. ఏడో రోజు తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైంది. కటక్‌లో పిల్లల పెద్దాసుపత్రి శిశుభవన్‌కి రాసిచ్చారు. చీకటి ఉండగానే అంబులెన్సులో ఎక్కించారు. ఆవిడ ఒక చెప్పు వార్డులోనే ఉండిపోయింది. పాప నిద్రలేచి ఖాళీ మంచం చూసి "అన్న ఏడీ?" అంది.

"ఇంటికెళ్లిపోయాడు" అన్నాను.

ఆలోచించకుండా వచ్చేసింది. వాడికింకా బాగాలేదు, వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు అంటే సరిపోయేది, అదేం పెద్ద వాక్యం కాదు. అప్పటికి మూడు రోజులుగా పాపకి నిజమే చెబుతున్నాను. బహుశా అందుకే ఈసారి మళ్లీ అడగలేదు, నమ్మేసింది. తన దుప్పటి తనే మడిచి మంచం మూల పెట్టి, "మరి మనమెప్పుడు?" అంది. నేను వాళ్ల ఫోన్ నంబరు తీసుకోలేదు. పాప ఇప్పటికీ అప్పుడప్పుడు అంటుంది, అన్న ఇంటికెళ్లి ఏం ఆడుకుంటున్నాడో అని. ఈ ఒక్కదాన్ని ఎలా దిద్దుకోవాలో నాకు పాలుపోవడం లేదు.

పోయిన నెల పాపకి అయిదేళ్లు నిండాయి. ఆ వయసులో వేసే డీపీటీ బూస్టర్ కోసం అంగన్‌వాడీకి తీసుకెళ్లాను. గుమ్మం దిగాక చెప్పాను: "సూది వేస్తారు. నొప్పి పుడుతుంది. పది లెక్కపెట్టేసరికి తగ్గిపోతుంది." అత్తయ్య కూడా వచ్చింది, దారంతా మూతి ముడుచుకునే. అక్కడ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. సూది దిగింది. పెదాల దాకా వచ్చిన "అయి" ని మింగేశాను. సూది బయటికొచ్చి దూది పెట్టాక, పాప నా వైపు తిరిగింది.

"సొరిగలా?"

"సొరిగలా."

కన్నీళ్లు కారుతుండగానే లెక్క మొదలెట్టింది. ఎకొ, దుయి, తిని, చారి. దొశొ దగ్గర ఆగి, చెయ్యి తడుముకుని, నా మొహంలోకి చూసింది.

"పదైపోయిందమ్మా. ఇంకా నొప్పిగానే ఉంది."

అత్తయ్య కిసుక్కున నవ్వింది. పొద్దుటి నుంచి అదే నవ్వడం. "మీయమ్మకి లెక్కలు రావే బంగారూ" అంది. పాప ముక్కు ఎగబీల్చి, ఎగారొ నుంచి మళ్లీ మొదలెట్టింది.